ఉద్యోగం పీకేశాక వెళ్లిన లేబర్ లాయర్ సర్వీస్, నా రివ్యూ

నేను వెళ్లింది పీకల్దాకా కోపంతో, వచ్చింది చేతినిండా హోంవర్క్‌తో. పెర్ఫార్మెన్స్ బాలేదని ఒక్క మెయిల్ పెట్టి తీసేశారు, అంతకుముందు వార్నింగ్ లేదు ఏం లేదు, పైగా నువ్వే రిజైన్ చేసినట్టు రాసివ్వమని హెచ్‌ఆర్ వెంటపడింది. లాయర్ గారి మొదటి ప్రశ్నే "సంతకం పెట్టారా?" లేదనగానే ఆయన మొహం కాస్త వెలిగింది. అపాయింట్‌మెంట్ లెటర్, పేస్లిప్‌లు, పాత అప్రైజల్ మెయిల్స్ అన్నీ తేదీల వారీగా పెట్టించారు, లాగిన్ పోకముందే ఇవన్నీ దాచుకోవద్దా అని చీవాట్లు కూడా పడ్డాయి. ఐఎల్‌ఓ, అంటే అంతర్జాతీయ కార్మిక సంస్థ, 1982లో తెచ్చిన 158వ కన్వెన్షన్ (అంతర్జాతీయ ఒప్పందం) గురించి చెప్పారు, తీసేయడానికి సరైన కారణం ఉండాలట, పనితీరు మీద ఆరోపణ అయితే ముందు మన మాట వినాలట, గర్భం, యూనియన్ సభ్యత్వం లాంటివి అసలు కారణాలే కావట. కానీ అన్ని దేశాలూ దాన్ని ఒప్పుకోలేదు కాబట్టి మన కాంట్రాక్టు, మన చట్టమే చూడాలన్నారు, ఆ నిజాయితీ నచ్చింది నాకు. గెలిచేస్తామని ఊరించలేదు. గడువు దాటితే ఎంత న్యాయమున్నా కేసు కష్టమని మాత్రం పదేపదే చెప్పారు. మైనస్ ఏంటంటే ఫోన్ ఎత్తరు, అసిస్టెంట్‌కి ప్రతిసారీ కథ మొదట్నుంచి చెప్పాలి. నాలుగు స్టార్లు.