పుదుచ్చేరిలో పాత ఇంటి బస: కాలువకి ఇటా, అటా?

పుదుచ్చేరిలో బస కోసం వెతికితే ముందు వరసలో కనిపించేవి వైట్ టౌన్, అంటే పాత ఫ్రెంచి పేట ఇళ్లే. పసుపు గోడలు, తెల్లటి కిటికీ రెక్కలు, గోడ మీంచి వీధిలోకి వాలిన కాగితం పూల తీగ. ఫొటో చూస్తూనే చెయ్యి డబ్బు కట్టే బటన్ మీదికి పోతుంది. మేం కూడా ముందు అక్కడే దిగాం. తర్వాత కాలువ దాటి, తమిళుల పేటలో ఒక చిన్న పాత ఇంటికి మారాం. నా ఓటు రెండోదానికే. అలాగని అక్కడ అన్నీ సుఖాలేనని చెప్పను.

ఊరి సంగతి కాస్త తెలిస్తే గది వెతుక్కోవడం తేలిక. మధ్యలో ఒక కాలువ. దానికి తూర్పున, సముద్రం వైపు, ఫ్రెంచివాళ్లు ఉండేవారు, పడమర తమిళులు. ఫ్రెంచి కంపెనీ ఇక్కడికి వచ్చింది 1674లో. కానీ 1761లో ఇంగ్లీషువాళ్లు ఊరు పట్టుకుని కోటనీ, తెల్లవాళ్ల పేటనీ నేలమట్టం చేశారు. ఇప్పుడు మనం చూసి మురిసిపోయే ఫ్రెంచి భవనాలు దాదాపుగా ఆ తర్వాత లేచినవే. కాబట్టి సముద్రం వైపు ఎవరైనా "మాది మూడొందల ఏళ్ల బంగళా సార్" అంటే నవ్వి ఊరుకోండి. అంతకంటే పాతది చూడాలంటే పడమటి వైపు, మార్కెట్ దగ్గర ఆనందరంగ పిళ్ళై ఇల్లుంది. ఫ్రెంచి గవర్నరు డూప్లే దొర దగ్గర దుబాసీగా చేసి, పాతికేళ్లపాటు డైరీ రాసిపెట్టిన మనిషి ఆయన. కింది అంతస్తు మన పద్ధతిలో చెక్క స్తంభాలతో, పైది ఫ్రెంచి పద్ధతిలో గచ్చు స్తంభాలతో ఉంటుంది.

వైట్ టౌన్‌లో మేం దిగిన చోట బయటి గోడ, గేటు, లోపల వేపచెట్టు అన్నీ ఫొటోలో ఉన్నట్టే ఉన్నాయి. గది మాత్రం వేరు. ఒకప్పటి పెద్ద హాలుకి మధ్యలో అట్టగోడ కట్టి రెండు గదులు చేశారు. పొడవాటి కిటికీలో సగం మాకు, సగం పక్కవాళ్లకి. వాళ్ల టీవీలో ఏ సీరియల్ నడుస్తోందో మాకు తెలిసిపోయేది. లోగిలి కనబడే గది బుక్ చేస్తే జనరేటర్ పక్క గది ఇచ్చారు. అదేమిటని అడిగితే మేనేజర్ "ఇది కూడా హెరిటేజ్ గదే సార్" అన్నాడు. జనరేటర్ కూడా హెరిటేజేనేమో, ఆ చప్పుడు అలాగే ఉంది.

శనివారం సాయంత్రం అయితే చెన్నై, బెంగళూరు కార్లన్నీ ఆ నాలుగు వీధుల్లోనే. బీచ్ రోడ్డు మీద సాయంత్రం నుంచి పొద్దుటి దాకా బండ్లు రానివ్వరు, నడవడానికి హాయిగా ఉంటుంది. కానీ ఆ బండ్లన్నీ పక్క వీధుల్లో తేలతాయి. మా గేటు ముందు పొద్దున్నే ఎవరిదో ప్రీ వెడ్డింగ్ షూట్. మేం బయటికి రావాలంటే కాబోయే వధూవరుల్ని కాస్త జరగమనాలి.

అద్దె విషయంలో ఒక మాట. గది రోజుకి 7,500 రూపాయలు దాటితే జీఎస్టీ 18 శాతం, ఆలోపు అయితే 5 శాతం. అంటే 7,400 గదికీ 7,600 గదికీ తేడా రెండొందలు కాదు, పన్నులతో కలిపి పన్నెండొందల దాకా. వైట్ టౌన్‌లో చాలా గదులు సరిగ్గా ఈ గీత చుట్టూనే ఊగుతుంటాయి.

ఇక కాలువకి అటువైపు. ఇక్కడి పాత వీధుల్లో ఇళ్లకి ముందు చెక్క స్తంభాల మీద పెంకుల వసారా ఉంటుంది, ఎండకీ వానకీ దారిన పోయేవాడు ఆగడానికి. దాని లోపల అరుగు, ఆ తర్వాత చెక్కడం పని ఉన్న తలుపు. గడప దాటితే అచ్చం మన మండువా లోగిలే. వైశ్యాల్ వీధి అనే చోట ఇలాంటి ఇళ్ల ముందు భాగాల్ని, పాత కట్టడాల్ని కాపాడే ఇంటాక్ సంస్థ వరసగా బాగుచేయించింది. ఆ పనికి 2008లో యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు కూడా వచ్చింది. పొద్దున్నే టిఫిన్‌కి ముందు ఆ వీధి ఒకసారి నడిచి రండి, టికెట్ లేదు, గైడు అక్కర్లేదు.

మా గది పైకప్పు మద్రాసు టెర్రస్. టేకు దూలాలు దగ్గర దగ్గరగా వేసి, వాటి మీద సన్నటి ఇటుకల్ని నిలువుగా పేర్చి సున్నంతో బిగిస్తారు. మంచం మీద పడుకుంటే ఆ ఇటుకల వరసలన్నీ ఏటవాలుగా కనిపిస్తాయి. ఫ్యాను ఆపినా గది చల్లగానే ఉంది. పొద్దున లేచేసరికి దుప్పటి మీద కుంకుమ చల్లినట్టు సన్నటి ఎర్ర పొడి. ఇల్లు చూసుకునే పెద్దాయనకి చూపిస్తే "దుప్పటి రోజూ మారుస్తాను సార్, ఇటుకల్ని మార్చలేను కదా" అన్నారు. నిజంగానే రోజూ మార్చారు.

ఆయనే మా అమ్మని చూడగానే "అమ్మా, మీకు కింది గది ఇస్తాను, మెట్లు నిటారు" అని మేం అడక్కుండానే గది మార్చేశారు. పై గదులకి వెళ్లే చెక్క మెట్లు నిచ్చెనకి కాస్త తక్కువ, అంతే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైన దిగితే ఇక ఊరు చూసినట్టే. కింది గదికీ ఒక చిక్కుంది: పాత కొట్టుగదిని బాత్రూమ్ చేశారు, లోపలికి రెండు మెట్లు దిగాలి. రాత్రి లైటు వేసి ఉంచుకున్నాం.

ఇలాంటి ఇంట్లో గుట్టు దాగదు. మండువాలో ఎవరు గుసగుసలాడినా అన్ని గదులకీ వినిపిస్తుంది. యానాం నుంచి సెక్రటేరియట్ పని మీద వచ్చిన ఒకాయన తన ఫైలు ఎక్కడ ఆగిందో ఫోన్‌లో ఎవరికో వివరిస్తుంటే మేమంతా విన్నాం, టెన్షన్ కూడా పడ్డాం. పనైపోయిందని ఆయన చెప్పిన రోజు అందరికీ కాఫీలు. దోమలు బాగానే ఉన్నాయి, దోమతెర అడిగి తీసుకోండి. అక్టోబరు, నవంబరుల్లో వెళితే వాన మండువాలోకే పడుతుంది. మేమున్నప్పుడూ ఒక రాత్రి పడింది. నీళ్లు చూరు నుంచి గచ్చు మీదికి దూకి మూలనున్న తూములోంచి పోతుంటే మా అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది, పడుకోమన్నా లేవలేదు.

చూడాల్సిన చోట్లలో ఊరి బయటి అరికమేడు మీద ఆశలు పెట్టుకోకండి. 1945లో పురావస్తు శాస్త్రవేత్త వీలర్ తవ్వకాల్లో రోమన్ల కాలపు కుండలు దొరికిన చోటది, పేరు పెద్దదే. ఇప్పుడు అక్కడున్నవి చెట్లు, రెండు మొండిగోడలు. దొరికిన వస్తువులు ఊళ్లోని మ్యూజియంలో చూడొచ్చు, ఆటో డబ్బులు మిగులుతాయి. ఆటోవాళ్లు మీటరు వేయరు, ఎక్కేముందే మాట్లాడుకోండి.

పాత ఇల్లు బుక్ చేసేటప్పుడు వెబ్‌సైట్‌లో ఫొటోలు చూసి సరిపెట్టుకోకుండా ఫోన్ చేసి గది నంబరుతో సహా అడగడం మంచిది: కిందా పైనా, కిటికీ ఎటు తెరుచుకుంటుంది, బాత్రూమ్‌కి మెట్లున్నాయా అని. జవాబు చెప్పే మనిషి ఆ ఇంట్లోనే ఉంటాడా, లేక ఎక్కడో ఆఫీసులో కూర్చున్నాడా అన్నది ఆ రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. వీలైతే ఆదివారం సాయంత్రం దిగండి, అప్పటికి రద్దీ తగ్గి అద్దె కూడా దిగుతుంది. కాకపోతే సోమవారం మ్యూజియం సెలవు, మంగళవారం ఊరి దగ్గరి ఆరోవిల్‌లో ఉన్న ధ్యానమందిరం మాతృమందిర్ లోపలికి సందర్శకుల్ని పంపరు, పైగా దానికి ముందే బుక్ చేసుకోవాలి. అందుకని ఆరోవిల్ సోమవారానికీ మ్యూజియం మంగళవారానికీ పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.