తీరానికి సరుగుడా, మడా?

నెల్లూరు, ప్రకాశం తీరంలో గాలివానకు అడ్డుగా సరుగుడు నాటాలో, మడ చెట్లు (మాంగ్రోవ్) నాటాలో నేలే చెబుతుంది.

నేల: సరుగుడుకు ఇసుక దిబ్బ. మడకు పోటునీరు వచ్చిపోయే బురద.

పని: సరుగుడుకు మొదటి వేసవుల్లో నీళ్లు పోయాలి. మడకు ఆ పనిలేదు. మడ నాటేది వదిలేసిన రొయ్యల చెరువులో అయితే మాత్రం గట్టు తెగ్గొట్టి, పోటునీరు వచ్చిపోయేలా చేపముల్లు ఆకారంలో పిల్లకాలువలు తవ్వాలి. అవి పూడితే నీరు నిలిచి, ఎండకు ఉప్పు పేరుకుని మొక్క చస్తుంది. ఏటా పూడిక తీయాల్సిందే. నాటి వదిలేసిన చోట్ల జరిగే నష్టం ఇదే.

ముప్పు: అలల గీత దాకా సరుగుడు నాటితే ఆలివ్ రిడ్లీ అనే సముద్ర తాబేళ్లకు గుడ్లు పెట్టే చోటుండదు. 50 మీటర్లు వదలండి, దయచేసి.

రాబడి: సరుగుడు కర్ర అమ్ముడవుతుంది, నరికితే అడ్డు పోతుంది. మడలో పీత, రొయ్యపిల్ల పెరుగుతాయి.

దిబ్బ మీది పల్లెకు సరుగుడు, ఉప్పుటేరు ఒడ్డు ఊరికి మడ.