ప్యాటియో కప్పు: ఇంటికి బిగించి పర్మిట్ తీసుకోవడమా, విడిగా నిలిపి పర్మిట్ తప్పించుకోవడమా, ఏది మేలు?

ఇంటి వెనుక ప్యాటియోకు, అంటే ఆరుబయట కూర్చునే చదును నేలకు, నీడ వేయాలనుకునేవారు కప్పు ఎంత పెద్దదైతే పర్మిట్ కావాలి అని అడుగుతారు. కొలతకంటే ముందు తేలవలసినది వేరే ఉంది: ఆ కప్పు ఒక అంచున ఇంటి గోడను పట్టుకుని నిలుస్తుందా, లేక నాలుగు స్తంభాల మీద తనంత తానే నిలుస్తుందా అన్నది.

అమెరికాలో చాలా రాష్ట్రాలు తమ నిబంధనలకు ఆధారంగా తీసుకునే ఇళ్ల నిర్మాణ నియమావళి ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్, విడిగా నిలిచే ఒక్క అంతస్తు అనుబంధ కట్టడం 200 చదరపు అడుగులకు మించకపోతే పర్మిట్ అక్కరలేదంటుంది. కాలిఫోర్నియా కోడ్‌లో ఆ హద్దు 120 చదరపు అడుగులే. ఇంటికి బిగించిన కప్పు ఇంట్లో భాగమే కాబట్టి, అది ఎంత చిన్నదైనా ఈ మినహాయింపు కిందికి రాదు. గోడ మీదే ఆధారపడి 54 అంగుళాలకు మించి ముందుకు రాని కిటికీ ఆనింగ్‌కు (కిటికీ పైన వేసే చిన్న నీడ పందిరికి) మాత్రం అదే కోడ్ విడిగా మినహాయింపునిచ్చింది.

ఈ తేడా కేవలం కాగితాల పట్టింపు కాదు. బిగించిన కప్పు బరువులో దాదాపు సగం లెడ్జర్ బోర్డు (కప్పు అంచును మోయడానికి గోడకు బిగించే పొడవాటి చెక్క) ద్వారా ఇంటి గోడ మీద పడుతుంది, గాలి కింద దూరి కప్పును పైకి లేపబోయినప్పుడు ఇంటివైపు లాగుడును అదే బోర్డు బోల్టులు భరించాలి, మంచు కురిసే చోట ఇంటి పైకప్పు నుంచి జారిన మంచు కూడా ఈ కప్పు మీదే పేరుకుంటుంది. సరిగా చేసే పనివాడు సైడింగ్‌ను (గోడ బయటివైపు కప్పే పలకలను) కోసి తీసి, బోర్డును గోడ లోపలి దూలానికి బోల్టులతో బిగించి, పైన నీరు లోపలికి దిగకుండా వేసే రేకు ఫ్లాషింగ్‌ను సైడింగ్ వెనక్కి దూర్చుతాడు. తొందరపడేవాడు సైడింగ్ మీదనుంచే స్క్రూలు దించేసి సందును సీలెంట్‌తో పూస్తాడు. కొత్తలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. సీలెంట్ పగిలాక నీరు చూరు నుంచి కాక గోడ లోపలినుంచి దిగి కొయ్యను కుళ్లబెడుతుంది. తనిఖీ చేసేవాడి ఫీజు కంటే ఆ మరమ్మతు ఖర్చు చాలా ఎక్కువ.

విడిగా నిలిపితే ఈ బెడద లేదు కానీ మరొకటి ఉంది. గోడకూ కప్పుకూ మధ్య విడిచిన జానెడు సందులోంచి వాన సరిగ్గా గుమ్మం ముందే ధారగా పడుతుంది. ఆ సందును మూయడానికి రేకు ముక్క ఒకటి గోడకు కొట్టారంటే, ఇక అది విడి కట్టడమని వాదించడం కష్టం. గోడ సాయం లేదు కాబట్టి పక్కకు ఊగకుండా స్తంభాలకు ఏటవాలు బద్దెలూ, లోతైన పునాదులూ కావాలి.

పర్మిట్ అక్కరలేదన్నంత మాత్రాన నిబంధనలన్నీ తొలగిపోవు. ఆ మాట కోడ్‌లోనే స్పష్టంగా ఉంది. సరిహద్దు నుంచి వదలవలసిన దూరం చిన్న కప్పుకూ వర్తిస్తుంది, దీపానికో ఫ్యానుకో వైరు లాగితే దానికి ఎలక్ట్రికల్ పర్మిట్ వేరే కావాలి, ఇళ్ల యజమానుల సంఘం ఉన్న కాలనీలో వారి ఆమోదం ఇంకొకటి. మీ ఊరి భవన విభాగం ఈ హద్దులను మార్చుకుని ఉండవచ్చు కాబట్టి, కొలతలు చెప్పి ముందే అడగడం తప్పనిసరి.

గుమ్మం దగ్గర, తలుపు తీయగానే నీడ కావాలంటే బిగించిన కప్పే మేలని, దానికి పర్మిట్ తీసుకోవడమే సబబని నా అభిప్రాయం. పెరటి మూలన కూర్చోవడానికి పది అడుగుల చదరం చాలనుకుంటే విడి కప్పుదే పైచేయి. పర్మిట్ తప్పించుకోవడానికే గుమ్మం ముందు విడి కప్పు నిలపడం మాత్రం రెంటికీ చెడ్డ పని.

పర్మిట్‌కు వెళ్లేవారు సరిహద్దు దూరాలు, స్తంభాల మందం, పునాది లోతు చూపే నక్షా తీసుకెళ్తే పని సులువవుతుంది. ఒక్కటి మరవకూడదు: పునాది గుంతలను కాంక్రీటు పోయకముందే ఇన్‌స్పెక్టర్ చూడాలి, లేకపోతే పోసినదాన్ని మళ్లీ తవ్వించే అవకాశం ఉంది.