ఫోకస్ రింగు లేని ఫిల్మ్ కెమెరా: చాలాకాలం వాడాక

దీనికి ఫోకస్ ఎలా చెయ్యాలని అడిగేవాళ్లకి ముందే చెప్తున్నా, చెయ్యక్కర్లేదు, చెయ్యాలన్నా కుదరదు. నాది చిన్న ప్లాస్టిక్ హాఫ్ ఫ్రేమ్ కెమెరా, అంటే ఒక ఫొటో పట్టే ఫిల్మ్‌లో రెండు తీస్తుంది. 22 ఎం.ఎం. లెన్సు, ఎఫ్/9.5 ఎపర్చరు (వెలుతురు లోపలికొచ్చే కంత), షట్టర్ తెరుచుకునేది సెకనులో వందో వంతు. మూడిట్లో ఏదీ మారదు.

ఇలాంటి లెన్సుని లెక్క ప్రకారం రెండు, రెండున్నర మీటర్ల దగ్గర ఫోకస్ చేసి బిగించేస్తారు. నిజంగా షార్ప్‌గా ఉండేది ఆ దూరమే. కానీ లెన్సు పొట్టిది (22 ఎం.ఎం.లే), ఎపర్చరు చిన్నది కాబట్టి అందులో సగం దూరం నుంచి ఆకాశం దాకా మన కంటికి తేడా తెలియదు. కళ్లజోడు లేనప్పుడు కళ్లు చికిలించి బస్సు బోర్డు చదువుతాం చూడండి, అదే పని ఆ చిన్న ఎపర్చరు చేస్తుంది. ఇలా ఫోకస్ బిగించేసిన ఆ రెండు, రెండున్నర మీటర్లనే హైపర్‌ఫోకల్ దూరం అంటారు, చాలా ఫోన్ల సెల్ఫీ కెమెరాలూ ఈ లెక్క మీదే నడుస్తాయి.

ఇబ్బందల్లా దగ్గరి వాటితోనే. గోల్కొండలో చెయ్యి చాచి సెల్ఫీ తీస్తే వెనక గోడలో రాళ్ల సందులు కూడా లెక్కపెట్టొచ్చు, మొహం మాత్రం మెత్తగా అలికినట్టు వస్తుంది. పైగా వ్యూఫైండర్లో (కన్ను పెట్టి చూసే కిటికీలో) అన్నీ క్లియర్‌గానే కనిపిస్తాయి, అది లెన్సులోంచి చూసే చూపు కాదు కదా. మీటరున్నర దూరం నుంచి తీస్తే టెన్షన్ లేదు. టిఫిన్ ప్లేటు, గోరింటాకు చెయ్యి తియ్యాలంటే ఇది మీ కెమెరా కాదు.

ఇంకో మాట, ఫొటో మసకగా వస్తే అందరూ ఫోకస్‌ని తిడతారు గానీ చాలాసార్లు చెయ్యి కదలడమే కారణం. వందో వంతు సెకను అంత వేగమేం కాదు, బటన్ నెమ్మదిగా నొక్కాలి.

ఫిల్మ్ విషయానికొస్తే, వైజాగ్ బీచ్ మిట్టమధ్యాహ్నపు ఎండకి 200 ఐఎస్ఓ (ఫిల్మ్ వెలుతురుని పట్టుకునే శక్తి) చాలు, ఎక్కువ వెలుతురు పడినా కలర్ నెగటివ్, అంటే మామూలు కలర్ ఫిల్మ్, తట్టుకుంటుంది. తక్కువ పడితేనే కష్టం, ఇంట్లో ఫ్లాష్ లేకుండా తీస్తే బురద రంగే. రెండు ముక్కల ప్లాస్టిక్ లెన్సు కాబట్టి అంచులు మెత్తగా ఉంటాయి, నాకది నచ్చింది. 36 ఫొటోల రోల్‌లో 72 వస్తాయి, గ్రెయిన్ (ఇసక చల్లినట్టుండే చుక్కలు) మాత్రం బాగా కనిపిస్తుంది, పెద్ద ప్రింట్లు వేయించుకునేవాళ్లు ఆలోచించుకోండి.