మెమ్‌టెస్ట్86+ రివ్యూ: మూడు వారాల ఫ్రీజింగ్‌కి కారణం ఒక్క రాత్రిలో దొరికింది

లైనక్స్ డెస్క్‌టాప్ ఉన్నట్టుండి బిగుసుకుపోతోందా? డిస్ట్రో (మింట్, ఉబుంటు లాంటి లైనక్స్ రకం) మార్చకముందే, కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) మార్చకముందే, మళ్ళీ ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేయకముందే ఒక రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ నడపండి. నేను అవన్నీ చేసేశాక దీని దగ్గరకొచ్చా, మూడు వారాలు పోయాయి, అందుకే రాస్తున్నా.

నాది రైజెన్ 5 2600 ప్రాసెసర్, లైనక్స్ మింట్. పాత 8 జీబీ ర్యామ్ సరిపోవట్లేదని రెండు 8 జీబీ స్టిక్కులు కొత్తవి వేయించా. వారం బాగానే ఉంది. తర్వాత మొదలైంది, పాట వింటుంటే ఆ ఒక్క ముక్క దగ్గరే గీఈఈ అని పట్టేసుకుంటుంది, మౌస్ కదలదు, గడియారం 11:42 దగ్గర ఆగిపోతుంది, క్యాప్స్ లాక్ నొక్కినా కీబోర్డు లైట్ మారదు. రోజుకి ఒకసారి, ఒక్కో రోజు నాలుగుసార్లు. ఎండాకాలం కదా, మొదట వోల్టేజ్ అనుకున్నా, ఇన్వర్టర్ మీద పెట్టి చూశా, తేడా లేదు. గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చా, కెర్నల్ వెనక్కి వెళ్ళా, చివరికి హోమ్ ఫోల్డర్ బ్యాకప్ తీసి మొత్తం మళ్ళీ వేశా. ఇన్‌స్టాల్ మధ్యలోనే మళ్ళీ బిగుసుకుపోయింది! అప్పుడైనా నాకు తట్టాల్సింది, సాఫ్ట్‌వేర్ మొత్తం కొత్తదైనా అదే జబ్బు అంటే తప్పు ఇంకెక్కడో ఉందని.

షాపుకి తీసుకెళ్తే (పేరు వద్దులెండి) అరగంట ఆన్‌లో పెట్టి చూసి "బాగానే ఉంది సార్, విండోస్ వేసేసుకోండి, లైనక్స్‌లో ఇవన్నీ మామూలే" అన్నారు. చాలా బాధేసింది. లైనక్స్‌లో ఇది మామూలు కాదు, నా పాత మెషీన్ నెలల తరబడి ఆపకుండా నడిచింది.

ఇంటికొచ్చి ఈసారి పద్ధతిగా చూశా. జర్నల్‌లో (సిస్టమ్ తన పనులు రాసుకునే చోటు) కిందటి బూట్ లాగ్ తీస్తే ఒక్క ఎర్రర్ లేదు, మామూలు లైన్ ఒకటి ఉండి అక్కడితో ఆగిపోయింది, అంటే రాసుకునే టైమ్ కూడా దొరకలేదు దానికి. తర్వాతి ఫ్రీజ్‌లో ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ కలిపి పట్టుకుని ఎస్, యు, బి ఒక్కోటి నొక్కా. ఇవి కెర్నల్‌కి నేరుగా ఆదేశాలిచ్చే కీలు (సిస్‌ఆర్‌క్యూ అంటారు). మింట్‌కి ఆధారమైన ఉబుంటులో వీటి సెట్టింగ్ మామూలుగా 176 ఉంటుంది, అంటే డిస్క్‌కి రాయడం, రీడ్ ఓన్లీ చేయడం, రీబూట్ ఈ మూడూ పనిచేస్తాయి. దానికి రీబూట్ అయితే కెర్నల్ బతికే ఉంది, స్క్రీన్ వైపో ర్యామ్ నిండిపోవడమో చూడాలి. నాకు ఏమీ కాలేదు. ఫోన్‌లోంచి పింగ్ చేసినా జవాబు లేదు. కెర్నలే ఆగిపోయింది, కాబట్టి హార్డ్‌వేర్ మీదికి వెళ్ళా.

ఇక మెమ్‌టెస్ట్86+. ఉచితం, జీపీఎల్ లైసెన్స్ (కోడ్ అందరికీ ఓపెన్). ఇదే పేరులో ప్లస్ గుర్తు లేనిది ఇంకోటి ఉంది, అది పాస్‌మార్క్ వాళ్ళది, దాని ఉచిత వెర్షన్ 4 పాస్‌లకి (పాస్ అంటే అన్ని టెస్టులూ ఒక రౌండు) ఆగిపోతుంది. ప్లస్ ఉన్నదాని పాత 5 వెర్షన్ యూఈఎఫ్ఐలో (కొత్త కంప్యూటర్ల బూట్ పద్ధతి) బూట్ అవ్వదు, 2022లో వచ్చిన 6.00 నుంచి అవుతుంది, కాబట్టి కొత్తదే దింపండి. పెన్‌డ్రైవ్‌లో రాసి, సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని ప్రోగ్రామ్‌లని బూట్ కానివ్వని సెట్టింగ్) ఆపి, బూట్ చేశా. నీలం స్క్రీన్, పైన పాస్ ఎంత శాతం, టెస్ట్ ఎంత శాతం, అంతే, నొక్కాల్సింది ఏమీ లేదు.

మొదటి పాస్ శుభ్రంగా అయిపోయింది. ఆపేద్దామనుకున్నా, మా బావమరిది "ఉండనీ బావా, పొద్దున చూద్దాం" అన్నాడు, వాడికి దండం పెట్టాలి. పొద్దున లేచి చూస్తే 23 ఎర్రర్లు, అన్నీ బ్లాక్ మూవ్ టెస్ట్‌లోనే (ర్యామ్‌లో డేటా ముక్కల్ని అటూ ఇటూ జరిపి చూసేది). ఉండాల్సిన విలువ, దొరికిన విలువ పక్కపక్కనే చూపిస్తుంది, రెండిటినీ వేలు పెట్టి చదివా, పదహారు అక్షరాల్లో ఒక్కటే తేడా, ప్రతి లైన్లోనూ అదే చోట. ఆ ఒక్క అక్షరం కోసం నేను మూడు వారాలు డ్రైవర్లు మార్చుకుంటూ కూర్చున్నా. నెల కింద ఒక జిప్ ఫైల్ పాడైపోవడం, ఫైర్‌ఫాక్స్ ట్యాబ్‌లు ఊరికే క్రాష్ అవడం కూడా దీనివల్లే అయ్యుంటాయి.

బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవ్వగానే వచ్చే సెట్టింగ్‌లు) ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్, ఆపి ర్యామ్ వేగం 3200 నుంచి 2400కి దించితే ఎర్రర్లు తగ్గాయి గానీ పోలేదు. తర్వాత ఒక్కో స్టిక్కుని ఒకే స్లాట్‌లో పెట్టి నడిపా. ఒకటి రాత్రంతా శుభ్రం, రెండోది గంటలో దొరికిపోయింది. ఇలా విడివిడిగా నడపకపోతే తప్పు స్టిక్కుదో స్లాట్‌దో తేలదు, ఈ ఒక్క పనికి బద్ధకించకండి.

దీనికి దొరకనివి కూడా ఉన్నాయి, అది చెప్పకపోతే రివ్యూ అవ్వదు. మా ఫ్రెండు మెషీన్ 2017 నాటి మొదటి తరం రైజెన్, పని చేస్తుంటే బాగుంటుంది, ఖాళీగా వదిలేస్తే బిగుసుకుపోతుంది. రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపినా ఒక్క ఎర్రర్ లేదు, ఎందుకంటే టెస్ట్ నడుస్తున్నంతసేపూ ప్రాసెసర్ ఖాళీగా ఉండదు కదా. బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అని ఉంటుంది, దాన్ని టిపికల్ కరెంట్ ఐడిల్ చేశాకే ఆగింది. గ్రాఫిక్స్ డ్రైవర్ గొడవలు, డిస్క్ గొడవలు కూడా మెమ్‌టెస్ట్‌లో కనపడవు.

నా రేటింగ్ 5కి 4.5. ఒక్క పాస్ అవ్వగానే అంతా బాగుందనిపించేలా ఉంటుంది, కొత్తవాళ్ళు అక్కడే ఆపేస్తారు, ఆ అర మార్కు తగ్గించింది అందుకే.

ఎర్రర్ల స్క్రీన్ ఫోటో పంపితే వారంటీలో స్టిక్కు మార్చి ఇచ్చారు, ఒక్క ప్రశ్న అడగలేదు. కొత్తది వేశాక మింట్‌లోకి వెళ్ళకుండా ముందు నాలుగు పాస్‌లు నడిపా, సున్నా ఎర్రర్లు. ఇది టైప్ చేస్తున్న మెషీన్ అదే, ఆన్ చేసి ఇవాళ్టికి 41 రోజులు.