చౌరస్తా సందులో ప్రింటింగ్ ప్రెస్: పని బాగుంటుంది, నంబర్లు మాత్రం మీరే లెక్కపెట్టుకోండి

ముందే చెప్తున్నా, నేను పెళ్ళి కార్డుల కోసం ప్రెస్సుకి వెళ్ళే మనిషిని కాదు. 18 ఏళ్ళుగా ఒక డాక్టర్ల సంఘంలో అకౌంట్స్ చూస్తున్నాను. అంతకుముందు హనుమకొండలోనే ఒక చిట్‌ఫండ్ ఆఫీసులో ఉండేవాణ్ణి, అది మానేసి ఇక్కడికి వస్తుంటే మా బావ "లాభాలే లేని చోట లెక్కలేముంటయిరా" అని నవ్వాడు. లెక్కలు రెట్టింపయ్యాయి. వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే సంఘం పనులకు ఖర్చు పెట్టాలి, లేదంటే మిగిలింది దేనికోసం దాచామో ఫారం నింపి చెప్పాలి, విరాళం ఇచ్చిన ప్రతి ఒక్కరికీ రసీదు చింపాలి. ప్రెసిడెంట్లు, సెక్రటరీలు మారిపోతుంటారు. రసీదు బుక్కులున్న బీరువా తాళం మాత్రం నా జేబులోనే ఉంటుంది.

ప్రెస్సు వరంగల్ చౌరస్తా దాటాక ఒక సందులో. పేరు రాయను, ఎందుకో కిందికి వెళ్తే మీకే తెలుస్తుంది.

పని సంగతికొస్తే, మా రసీదు బుక్కులు అక్కడే కొట్టిస్తాను: పైన తెల్ల కాగితం, కింద గులాబీ, కార్బన్ పెట్టే పని లేదు, రాసింది కిందికి చక్కగా దిగుతుంది. చింపే చోట చుక్కల కోత శుభ్రంగా ఉంటుంది. ఇది చిన్న విషయమనుకోకండి, చింపగానే రసీదు సగం అడుగులోనే ఉండిపోయే బుక్కులతో నేను చాలా ఏళ్ళు వేగాను, పెద్ద డాక్టరు గారికి ఆ చిరుగు కాగితం ఇవ్వాలంటే చెయ్యి రాదు. కింద ఒక వరుస బోల్డ్‌లో వేయించాను: "నగదు రూ.2,000 దాటితే 80జీ వర్తించదు". 80జీ అంటే విరాళం ఇచ్చినవాళ్ళకి ఆదాయపు పన్నులో దొరికే మినహాయింపు. 5,000 నగదు తెచ్చి మూడు రసీదులు చెయ్యమని అడిగేవాళ్ళకి నేను నోరు తెరవకుండా ఆ వరుస చూపిస్తాను, అంతే.

ఓనరుకి బుర్ర ఉంది. 2021లో 80జీ రిజిస్ట్రేషన్లన్నీ మళ్ళీ కొత్తగా తీసుకోవాల్సి వచ్చినప్పుడు, పాత నంబరుతో కొట్టించిన 40 బుక్కులు మూలన పడ్డాయి. "నంబర్ జాగ ఖాళీ ఇడ్శిపెట్టుండ్రి సార్, రబ్బర్ స్టాంపు కొట్టుకుంటే అయిపాయె" అన్నాడు. కొత్తది ఐదేళ్ళకే కాబట్టి ఆ సలహా ఇప్పటికీ పనికొస్తోంది.

ఇక అసలు గొడవ. రెండేళ్ళ కింద 31వ బుక్కు 1501 నుంచి 1550 వరకు సరిగ్గానే ఉంది. 32వది విప్పితే మళ్ళీ 1501! మధ్యలో కరెంటు పోయిందట, వచ్చాక కుర్రాడు నంబరింగ్ మళ్ళీ పాత చోట పెట్టాడట. నేనూ చూడలేదు, నా తప్పే, పైన ఒక బుక్కు చూసి కట్ట లోపల పెట్టేశాను. సెప్టెంబరులో, ఆడిట్ రిపోర్టు గడువు నెత్తిమీద ఉండగా, ఆడిటరు గారు ఒకే నంబరున్న రెండు రసీదులు నా టేబుల్ మీద పక్కపక్కన పెట్టి కళ్ళజోడు తీశారు. చిట్‌ఫండ్ రోజుల్లో కూడా అంత టెన్షన్ పడలేదు.

నేను ప్రెస్సుకి వెళ్ళి అరిచాను. ఓనరు ఎదురు మాట్లాడలేదు. తప్పు మా దగ్గరే జరిగిందని, ఏ నంబర్లు రెండుసార్లు పడ్డాయో వరసగా రాసి, లెటర్‌హెడ్ మీద సంతకం, స్టాంపు వేసి ఇచ్చాడు, ఆడిటరు దాన్ని ఫైల్లో పెట్టుకున్నారు. అప్పటికే ఇచ్చిన రసీదుల నంబర్ల పక్కన "ఏ" చేర్చి పుస్తకంలో రాసుకున్నాం, మిగిలిన వాటి మీద అడ్డంగా గీత కొట్టాను. కొత్త బుక్కులు పైసా తీసుకోకుండా కొట్టిచ్చాడు. వేరే ప్రెస్సు వెతుక్కోకపోవడానికి ఆ ఉత్తరమే కారణం.

ఐదుకి నాలుగు. బండి సందు బయటే పెట్టుకోవాలి, లోపల ఆటో వస్తే రెండు గోడల మధ్య ఇరుక్కుంటారు. ప్రూఫ్ వాట్సాప్‌లో పంపుతాడు, ఫోన్లో చూసి సరే అనకండి, వెళ్ళి కాగితం మీద చూడండి. మేడారం జాతర ముందు మాత్రం అటు పోవద్దు, ఫ్లెక్సీలు, కరపత్రాల మధ్య మీ బుక్కులు ఎక్కడున్నాయో ఆయనకే తెలియదు.