స్టార్చ్ కేసిన్ అగర్ రెడీమేడ్ పొడి: ఎలా పనిచేస్తుంది?

ఇది పిండి, కేసిన్ అనే పాల ప్రోటీన్, గడ్డకట్టించే అగర్ కలిసిన సూక్ష్మజీవుల ఆహారం. విశాఖ దగ్గరి కంబాలకొండ ఎర్రమట్టి నుంచి స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియాను వేరుచేసి పెంచడానికి ఈ పొడి బాగా పనికొస్తుంది. ఆటోక్లేవ్‌కు (ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపే పరికరం) ముందు నీళ్లలో కలుపుతూ పూర్తిగా మరిగించాలి, లేదంటే పిండి అడుగున పేరుకుంటుంది. ప్లేటుకు 25 మి.లీ. పోయండి, తక్కువైతే 28 డిగ్రీల దగ్గర 10 రోజులు ఉంచేలోపే అగర్ ఎండి చిట్లుతుంది. బూజును ఇది ఆపలేదు. 50 డిగ్రీలకు చల్లారాక మి.లీ.కి 50 మైక్రోగ్రాముల సైక్లోహెక్సిమైడ్ అనే బూజునాశిని కలపాల్సిందే. అది విషం, గ్లవ్స్ తప్పనిసరి.

కాలనీలు మాత్రం ఎంత చక్కగా వస్తాయో! పైన సున్నం చల్లినట్టు బీజాల పొడి, కింద అగర్‌లోకి దిగిన తంతువులు. లూప్‌తో గీకితే తోలుముక్కలా ఊడొస్తుంది, తొలకరి మట్టివాసనతో. అయినా రూపం చూసి ప్రజాతి తేల్చేయకండి. కణకవచంలో డాప్ అనే అమైనో ఆమ్లం ఏ రూపంలో ఉందో చూడాలి: ఎల్ఎల్-డాప్ ఉంటే స్ట్రెప్టోమైసిస్ వైపు, మీసో-డాప్ ఉంటే తంతువులు ముక్కలయ్యే నోకార్డియా వైపు చూడాలి. బాక్టీరియాను గుర్తించడానికి వాడే 16ఎస్ జన్యువు సీక్వెన్స్ కూడా కావాలి.

విశాఖ గాలిలో తేమకు మూత వదులైతే పొడి గడ్డకడుతుంది. చిన్న డబ్బానే కొనండి.